వనజ కుదించుకున్న పరిశోధన

1998 వానాకాలం. బాన్సువాడలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీ అప్పుడు ఒక రైసు మిల్లు పక్కన కిరాయి బిల్డింగులో నడిచేది. మిల్లు ఆడుతున్నంతసేపూ ఊక దుమ్ము కిటికీల్లోంచి వచ్చి బోర్డు మీద పడేది. పాఠం చెప్పడం కంటే ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచడమే పెద్ద పని. నేను ఎకనామిక్స్ లెక్చరర్‌ని. డిపార్ట్‌మెంట్ మొత్తానికి చాలా ఏళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను. ఆ ఏడు వనజ వచ్చి చేరింది.

వనజ వాళ్ళది వర్ని దగ్గర ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. పుట్టింది, పెరిగింది ఇక్కడే అయినా ఇంట్లో మాట మాత్రం అటువైపుదే. నేను బిచ్కుంద పిల్లని, మాది ఇక్కడి మాట. మా ఇద్దరి మాటలూ కలిస్తే స్టాఫ్‌రూంలో నవ్వులాటగా ఉండేది. తను నన్ను అక్కా అనేది. భర్త ప్రసాద్ ఇక్కడే ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. నడక బాగా వచ్చి, మాటలు ఇంకా సరిగా రాని పాప.

చేరేనాటికే తను హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైం పీహెచ్‌డీకి రిజిస్టర్ అయి ఉంది. ఈ వృత్తిలో లేనివాళ్ళకి ఒకటి చెప్పాలి. పార్ట్‌టైం పీహెచ్‌డీ అంటే సగం పని అని కాదు. ఉద్యోగం ఉద్యోగమే, పరిశోధన పరిశోధనే. రెండూ ఒకే మనిషి చేయాలి. ముందు సినాప్సిస్ ఇవ్వాలి, అంటే ఏం చేయబోతున్నామో రాసిచ్చే ప్రణాళిక. పరిశోధనని నడిపించే ప్రొఫెసర్‌ని గైడ్ అంటారు. ఎంత పని జరిగిందో చెబుతూ మధ్యమధ్య ప్రోగ్రెస్ రిపోర్టులు పంపాలి. రిపోర్టు ఆగితే రిజిస్ట్రేషన్ పోతుంది.

వనజ సినాప్సిస్ చూసి మొదటిరోజే నాకు గుండె జారింది. కాలువ నీళ్ళున్న ఊళ్ళూ, లేని ఊళ్ళూ పోల్చాలి. బాన్సువాడ, వర్ని, పిట్లం, బిచ్కుంద మండలాలు నాలుగూ తిరగాలి. పంటలు, కూలి రేట్లు, అప్పులు, ఆడవాళ్ళ పని దినాలు, పిల్లల బడి, అన్నీ అడగాలి. శాంపిల్, అంటే అడగడానికి ఎంచుకున్న కుటుంబాలు, వందల్లో ఉన్నాయి.

"ఇంత ఎట్ల చేస్తవ్ వనజా?" అన్నాను.

"మా గైడు గారు పెద్దగా ఉండాలన్నారక్కా. చిన్నగా చేస్తే ఎవరూ పట్టించుకోరంట."

ఆ వానాకాలమంతా తను పరుగులోనే ఉంది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం ఏదో ఒక ఊరి బస్సు, సాయంత్రం పాప, వంట, ఆ తర్వాత పేపర్లు దిద్దడం. బస్సులో నిలబడి కూడా దిద్దేది. దసరా సెలవులకి మేమంతా ఊళ్ళకి పోతే తను పిట్లం వైపు ఊళ్ళు తిరిగింది. సెలవుల తర్వాత చూస్తే చీర కుచ్చిళ్ళు ఎక్కువ పట్టి కట్టుకుంటున్నది. మనిషి అంత తగ్గింది. టీ గ్లాసు ముందర పెట్టుకుని అట్లాగే చూస్తుండేది. చల్లారిన టీని బయట పారబోసి క్లాసుకి పోయేది.

నేను అడిగితే కోపం లేదు, విసుగు లేదు. "ఈ రిపోర్టొక్కటి పంపేస్తే కుదురుకుంటానక్కా" అనేది. ఒక రిపోర్టు పోతే ఇంకొకటి వచ్చేది.

డిసెంబరులో ఒక పొద్దున తన క్లాసు ముందు నుంచి పోతుంటే లోపల చప్పుడు లేదు. పిల్లలంతా కూర్చుని ఉన్నారు. వనజ బోర్డు వైపు తిరిగి నిలబడి ఉంది. బోర్డు మీద డిమాండ్ సూత్రం మొదటి వాక్యం రాసి ఉంది. దాని కింద అదే వాక్యం. దాని కింద మళ్ళీ అదే. సుద్దముక్క ఇంకా బోర్డుకే ఆనించి ఉంది. నేను లోపలికి పోయి, "మేడంకి ఫోనొచ్చింది" అని అబద్ధం చెప్పి బయటికి తీసుకొచ్చాను.

వరండాలో గోడకి ఆనుకుని, "తర్వాత ఏం రావాలో గుర్తుకు రాలేదక్కా" అంది. "ఎన్నోసార్లు చెప్పిన పాఠమే."

ఇంటికి పొమ్మన్నాను. పోలేదు. బిచ్కుంద దగ్గర ఊళ్ళో సర్పంచుకి వస్తానని మాటిచ్చిందట. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళింది.

సాయంత్రం కాలేజీ వదిలే వేళకి ప్రసాద్ స్కూటరు మీద వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. పక్కింట్లో పాపని వదిలిపెట్టి, మూడింటికల్లా వచ్చి తీసుకుంటానని చెప్పిందట. రాలేదు. ఆ సర్పంచు ఇంటికి ఫోన్ చేస్తే అసలు రానేలేదన్నారు.

"ఇక్కడికేమైనా వచ్చిందా మేడం?" అన్నాడు.

రాలేదన్నాను. ఇద్దరం బస్టాండుకి పోయాం. కంట్రోలర్ బల్ల దగ్గర అడిగితే, ఆ బస్సు తిరిగొచ్చే దాకా ఆగమన్నాడు. ఆగాం. అవి కాలువలకు నీళ్ళు వదిలిన రోజులు. బాన్సువాడ చుట్టూ ఎటు పోయినా నిండు కాలువే. ఆ ఆలోచన ప్రసాద్‌కి వచ్చిందని నాకు తెలుసు, నాకు వచ్చిందని అతనికి తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు. అతను స్కూటరు తాళంచెవి చేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

బస్సు వచ్చింది. కండక్టరు ఒక్క నిమిషం ఆలోచించి, "బిచ్కుందకు టికెట్ తీసుకున్నది గని, పిట్లంల దిగింది. పిలిస్తె గూడ ఇనలే" అన్నాడు.

పిట్లం దాకా స్కూటరు మీద పోయాం. చలిగాలి. దారి పొడుగునా నేను ప్రతి ఆడమనిషి చీర రంగు చూస్తూనే ఉన్నాను. పొద్దు గూకుతుండగా పిట్లం బస్టాండులో సిమెంటు బెంచీ మీద కనిపించింది. ఒళ్ళో సంచి. రెండు చేతులూ దాని మీద. ఎదురుగా బాన్సువాడ బస్సు ఆగి ఉంది, జనం ఎక్కుతున్నారు. తను చూస్తూ కూర్చుంది.

ప్రసాద్ పక్కన కూర్చున్నాడు. సంచి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను ముందర నిలబడి, "వనజా, ఇక్కడెందుకు కూసున్నవ్?" అన్నాను.

నావైపు చూడటానికి కొంచెం టైం పట్టింది. "ఏ బస్సు ఎక్కాలో తెలీలేదక్కా. బోర్డులు చదువుతున్నా. చదివింది లోపలికి పోవట్లేదు."

ఆ బస్సులోనే తనని ఇంటికి తెచ్చి, మర్నాడు దవాఖానకి తీసుకుపోయాం. డాక్టరమ్మ అన్నీ చూసింది. గుండె పరీక్ష చేసింది, రక్తం పరీక్షకి పంపింది. చివరికి ప్రసాద్‌ని, నన్ను లోపలికి పిలిచింది. "రక్తం తక్కువుంది, అది మందులతోని సరయితది. గుండెకేం గాలే. గని నిద్ర లేదు, తిండి లేదు. ఫికరొక్కటే మూడు పూటలా తింటున్నది. ఇట్లనే నడిస్తే మల్ల ఒకరోజు ఎక్కడ కూసుంటదో నేను చెప్పలేను" అంది. కాలేజీకి సెలవు పెట్టించింది. పుస్తకం ముట్టొద్దంది.

ప్రసాద్ నిర్ణయించేసుకున్నాడు. "ఇంక చదువు చాలు మేడం. ఉద్యోగం ఉంది, పాప ఉంది. డాక్టరేట్ లేకపోతే మేం బతకలేమా?" అన్నాడు. అతని మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పిట్లం పోయేటప్పుడు ప్రతి కాలువ వంతెన దగ్గరా అతను స్కూటరు నెమ్మది చేయడం నేను చూశాను.

తర్వాతి వారాల్లో ఆదివారాలు వాళ్ళింటికి పోయేదాన్ని. మొదట్లో వనజ నిద్రపోతూనే ఉండేది. తర్వాత పాపతో ఆడుకుంటూ కనిపించింది. తిండి తింటున్నది. ఒకరోజు కూరగాయలు తరుగుతూ తనే ఎత్తింది.

"మానేయమంటున్నారక్కా ఈయన. మానేస్తే నిజంగానే నిద్ర పడుతుంది. కానీ లేచాక ఏం చేయాలో తెలీట్లేదు."

చేయమని చెబితే, రేపు తనకేమన్నా అయితే? వద్దని చెబితే, ఆ మనిషి లోపల ఏదో ఆరిపోతుందని నాకు అర్థమవుతున్నది. చివరికి ఒకటి అడిగాను.

"గా సినాప్సిస్ పక్కన వెట్టు. ఇన్ని ఊర్లు తిరిగినవ్ గదా, నీకు నిజంగ తెలుసుకోవాలె అనిపించింది ఏంది?"

తను కత్తిపీట పక్కకి జరిపింది. వర్ని అవతల, కాలువ చివరి పిల్లకాలువ కింద ఒక ఊరుందట. అక్కడ సాయవ్వ అనే రైతు. మొగడు పోయాడు, ఎకరంన్నర పొలం తనే చేసుకుంటుంది. వనజ ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని, చెప్పి, ఆఖర్న అందట: "గిన్ని అడిగినవ్ బిడ్డా. నేనొక్కటి అడుగుత. నీళ్ళు ఎన్నడొస్తయో నీకేమన్న ఎరుకనా?"

"ఆ మాట నన్ను వదల్లేదక్కా. వాళ్ళ ఊరికి నీళ్ళు వస్తాయి. కానీ ఏ రోజు వస్తాయో తెలీదు. నాట్లకి కూలీలని ముందు చెప్పుకోవాలి కదా. చెప్పుకున్న రోజు నీళ్ళు రావు. నీళ్ళొచ్చిన రోజు కూలీలు దొరకరు. అంతలో వంతు అయిపోతుంది."

కాలువ నీళ్ళు యాసంగిలో, అంటే రబీ పంటకి, వంతుల మీద వదులుతారు. కొన్ని రోజులు పారుతాయి, కొన్ని రోజులు ఆపుతారు. ఇది ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. కానీ వదులుతారన్న కబురు ఎవరికి ఎప్పుడు అందుతుందో ఎవరూ రాసి పెట్టలేదు.

"గిదే చెయ్" అన్నాను. "గిదొక్కటే చెయ్."

"ఇది పీహెచ్‌డీ అవుతుందా?"

అది నాకూ తెలియదు. తెలుసుకోవడానికి హైదరాబాదు పోయాం. ప్రసాద్ ఒప్పుకున్నాడంటే, నేను వెంట పోతానన్న ఒక్క మాట మీద. బస్సులో వనజ అరచేతుల చెమట కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది.

గైడు గారు చెడ్డమనిషి కారు. కానీ చాలా బిజీ మనిషి. మేం చెప్పింది విని కళ్ళజోడు తీశారు. "నాలుగు మండలాల నుంచి ఒక్క పిల్లకాలువకి వచ్చావా? రేపు ఎగ్జామినర్ ఇదేం శాంపిల్ అంటే నేనేం చెప్పాలి?"

నేను ఏదో అనబోయాను. అంతలో తనే మెల్లగా అంది: "సార్, ఆ పెద్దది నేను చేయలేను. ప్రయత్నించాను. నా ఆరోగ్యం పాడైంది. ఇదైతే చేయగలను, బాగా చేయగలను. ఇది కుదరదంటే రిజిస్ట్రేషన్ వదిలేస్తాను."

వదిలేస్తాను అన్న మాట తను బెదిరింపుగా అనలేదు. అది ఆయనకీ అర్థమైనట్టుంది. కాసేపటికి కాగితాలు దగ్గరికి లాక్కున్నారు.

"కేస్ స్టడీగా పెట్టు. పైనుంచి కింది దాకా ఆ కాలువ మీదున్న ఊళ్ళన్నీ తీసుకో. ఒక్క ఊరే కాదు. రెండు యాసంగులు చూడు. ఒక్కటి చాలదు" అన్నారు. కేస్ స్టడీ అంటే విస్తారంగా కాకుండా ఒక్కచోట లోతుగా చూడటం. ఆయన సంతోషంగా ఒప్పుకోలేదు. కానీ ఒప్పుకున్నారు. గడువు పెంచమని లేఖ కూడా ఆయనే రాశారు.

తిరుగు ప్రయాణంలో వనజ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర రాలేదు. ఇప్పుడు ఏదన్నా జరిగితే ఆ బరువు నాది కూడా.

ఆ తర్వాత తన పని పద్ధతే మారింది. ప్రిన్సిపాల్‌ని అడిగి మా ఇద్దరి క్లాసులూ సర్దుకున్నాం. వారంలో రెండు పూటలు తనకి ఖాళీ వచ్చేట్టు చేసి, ఆ క్లాసులు నేను తీసుకున్నాను; నాకు పరీక్షల డ్యూటీ పడ్డప్పుడు నావి తను తీసుకునేది. ఊరికి పోయిన రోజు పేపర్లు ముట్టదు. చూసొచ్చింది ఆ రోజే, వెలుతురుండగానే రాసేసి మూసేస్తుంది. ప్రసాద్ ఒక షరతు పెట్టాడు, వనజ తినేదాకా తానూ తిననని. మొదట నవ్వుకున్నాం గానీ, అది బాగా పనిచేసింది. మధ్యాహ్నం స్కూల్లో అతను ఆకలితో ఉంటాడని తలచుకుని ఇక్కడ వనజ డబ్బా తెరిచేది.

అయినా నా భయం పోలేదు. రెండో యాసంగి మొదట్లో ఒకరోజు స్టాఫ్‌రూంలో మళ్ళీ టీ చల్లారుతూ కనిపించింది. ఏమైందని అడిగితే, ఒక సెమినారులో పేపర్ చదవమని పిలుపు వచ్చిందట. పేపర్ అంటే పరిశోధనలో ఒక ముక్కని పదిమంది ముందు పెట్టడం. ఇంకో వారంలో రాయాలి.

"ఒద్దని రాయి" అన్నాను.

"మళ్ళీ పిలవరేమోనక్కా."

"పిలువకుంటె పిలువకపోనియ్."

తను ఆ సాయంత్రమంతా ఆలోచించింది. మర్నాడు ఒద్దని రాసి, ఉత్తరం పోస్టు చేసొచ్చి, వేడిగా ఉండగానే టీ తాగింది. ఆ రోజు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

రెండో యాసంగి అయ్యేసరికి విషయం తేటగా బయటపడింది. నీళ్ళు వదిలేముందు కాలువ గేట్లు చూసే లస్కరుకి సమాచారం వస్తుంది. అతను పై ఊళ్ళ మీదుగా సైకిలు మీద పోతాడు. దారిలో అడిగిన వాళ్ళకి చెబుతాడు. అందుకే పైవాళ్ళకి ముందే తెలుస్తుంది. కింది ఊరికి అతని దారి లేదు. అక్కడివాళ్ళకి తెలిసేది కాలువలో నీళ్ళు కనబడ్డాకనే. ఎవరూ దాచింది లేదు. చెప్పాల్సిన పని మాత్రం ఎవరిదీ కాదు.

థీసిస్ రాయకముందే ఇది ఆ ఊళ్ళవాళ్ళకి చెప్పాలని వనజ పట్టుబట్టింది. నాకది నచ్చలేదు, ఎందుకంటే పై ఊళ్ళు తన సొంత వాళ్ళవి. వాళ్ళ నాన్న పొలం మొదటి తూము పక్కనే. అయినా వినలేదు. వేసవిలో వాళ్ళ ఊరి పంచాయతీ ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టింది. కింది ఊరి నుంచి సాయవ్వ, ఇంకొందరు వచ్చారు. వచ్చినవాళ్ళు గోడవారగా కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

వనజ చెప్పడం మొదలుపెట్టిన కాసేపటికే, వరసకి బాబాయ్ అయ్యే ఒక రైతు లేచాడు. "అంటే మేం నీళ్ళు దొంగిలిస్తున్నామని రాస్తున్నావా అమ్మాయ్?"

తను చేతిలో కాగితం వైపు చూసింది. పిట్లం బెంచీ మీద కూర్చున్న మొహం నా కళ్ళముందు మెదిలింది. లోపలికి పోయి చేయి పట్టుకోవాలనిపించింది.

వనజ కాగితం బల్ల మీద పెట్టింది. "దొంగతనం సంగతి నేను చూడలేదు బాబాయ్. అంత పెద్ద విషయం మోయటం నాకు చేతకాలేదు. కబురు ఎవరికి ఎప్పుడు అందుతుంది, అదొక్కటే చూశాను. మీకు ముందు అందుతుంది. వాళ్ళకి అందట్లేదు. అంతే."

ఆయన నిలబడే ఉన్నాడు. అప్పుడు సాయవ్వ కూర్చున్నచోటి నుంచే అంది: "నీళ్ళు మీయి మాకియ్యమంటలేం అన్నా. మాకు రావాల్సినయి ఎన్నడొస్తయో చెప్పమంటున్నం. కూలోళ్ళను పిలుసుకుంటం."

అప్పటిదాకా వెనక కూర్చున్న వనజ నాన్న లేచాడు. నెమ్మదిగా, కూతురి వైపు కాకుండా ఆ రైతు వైపు చూస్తూ, "లస్కరు రోజూ మనింటి ముందు నుంచే పోతాడు కదరా. వాళ్ళకి ఎవరు చెబుతారని మనం ఎప్పుడైనా అనుకున్నామా?" అన్నాడు. తర్వాత సాయవ్వని అడిగాడు, "మీ ఊళ్ళో ఫోనుందా అమ్మా?"

ఉంది. ఎస్టీడీ బూతు. ఆ వచ్చే యాసంగి నుంచి నీళ్ళ కబురు వనజ నాన్నకి అందగానే ఆయన ఆ బూతుకి ఫోన్ చేయాలని అనుకున్నారు. బూతువాడు ఊళ్ళో చెబుతాడు. ఆ రైతు మాత్రం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అతను తర్వాత కూడా వనజతో సరిగ్గా మాట్లాడలేదు. అది తనని బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతుంది.

ఫోనుతో అన్ని కష్టాలూ తీరలేదు. కొన్నేళ్ళు వానలే లేవు, చెరువూ కాలువా ఎండిపోయాయి, చెప్పడానికి కబురే లేదు. కానీ నీళ్ళున్న మొదటి యాసంగిలోనే సాయవ్వ నాట్లు సకాలంలో పడ్డాయి. వడ్లు అయ్యాక ఒక సంచి కొత్త బియ్యం పట్టుకుని కాలేజీకి వచ్చి, స్టాఫ్‌రూం గడప దగ్గర ఆగి, "మా పంతులమ్మ ఏది?" అని అడిగింది.

థీసిస్ అనుకున్న దానికంటే చాలా ఆలస్యంగా, 2003లో పూర్తయింది. వైవా అంటే ఎగ్జామినర్ ఎదుట కూర్చుని తన పరిశోధన గురించి అడిగినవాటికి జవాబు చెప్పడం. దానికి ప్రసాద్, నేను, పాప కూడా పోయాం. గైడు గారు భయపడ్డ ప్రశ్న ఎగ్జామినర్ అడగనే అడిగారు, శాంపిల్ ఇంత చిన్నదేమిటని. వనజ ఆ కాలువ మీద ఒక్కొక్క ఊరి పేరూ చెప్పి, ఆ ఊళ్ళో ఏం చూసిందో చెబుతూ పోయింది. ఆయన మధ్యలో ఆపలేదు. చివర్లో, "ఇది వాళ్ళకి చెప్పారా?" అని అడిగారు. "ముందు వాళ్ళకే చెప్పాను సార్" అంది.

మా వృత్తిలో అలసటని గొప్పగా చెప్పుకునే అలవాటుంది. ఎన్ని ఊళ్ళు తిరిగాం, ఎన్ని పేజీలు రాశాం, సెలవుల్లో కూడా ఎట్లా పనిచేశాం అని. పనిచేసే మనిషి నిలబడితేనే పని నిలబడుతుందనీ, ఒక మనిషి మోయగలిగినంత ప్రశ్న తీసుకుంటే దానికి జవాబు దొరికే అవకాశం ఉందనీ, ఆ జవాబు కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరో తెలిస్తే చదువుకి దిక్కు దొరుకుతుందనీ నేను వనజని చూసి తెలుసుకున్నాను. ఇప్పుడు మా దగ్గరికి పరిశోధన మొదలుపెట్టే పిల్లలు వస్తే, కాగితాలు తెరవకముందు ఒక్కటే అడుగుతాను: నువ్వు దీన్ని చేస్తున్నన్నాళ్ళూ నీ ఇంట్లో ఎవరు భయపడతారు? వాళ్ళని ఒకసారి తీసుకురమ్మంటాను. కొందరు నవ్వుతారు. కానీ వచ్చే ఆదివారం తల్లినో, భర్తనో, అన్ననో వెంటబెట్టుకుని వస్తారు. అందరం కూర్చుని, ఆ పనిలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో అప్పుడు మాట్లాడుకుంటాం.